తడిగుడ్డ, రెల్లుముక్క

పైలంక ఎండల కచేరీ, రోజువారీ పుస్తకం. పైలంక కట్టిన నలభై ఒకటో ఏడు. రాసేది: సూచికల గుమాస్తా సత్యవేణి.

ఏప్రిల్ 9. తడిగుడ్డ 29.4. పట్టిక 27.0.

ఈ పుస్తకంలో చివర "రిమార్కులు" అని ఒక వెడల్పాటి గడి ఉంది. పదకొండేళ్ళుగా అందులో "ఏమీ లేవు" అని రాస్తున్నాను. పోయిన నెల మూడు రోజులపాటు ఆ గడిలో గుత్తివంకాయ కూర ఎలా వండాలో రాశాను. పై నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. దీన్ని ఎవరూ చదవరని రూఢి అయింది కాబట్టి ఇకమీదట ఇందులో ఉన్నమాట రాస్తాను.

నా పని చిన్నది. కచేరీ పెరట్లో ఒక చెక్క గూడు ఉంది. గూటిలో వేడి కొలిచే గాజుగొట్టం, దాని చివర చుట్టిన నూలుగుడ్డ. గంటకోసారి ఆ గుడ్డ తడిపి అంకె చూడాలి. గుడ్డ ఆరుతుంటే అంకె దిగుతుంది, చెమట ఆరితే మన ఒళ్ళు చల్లబడినట్టే. గాలి నిండా తేమ ఉంటే గుడ్డా ఆరదు, చెమటా ఆరదు. అంకె ముప్పై ఒకటి దాటితే బయట ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళకు ముప్పు. ముప్పై అయిదు దాకా పోతే నీడలో ఊరికే కూర్చున్నవాళ్ళకీ ముప్పే. ఇంత ముఖ్యమైన అంకె కాబట్టి దాన్ని ఊళ్ళో ఎవరూ అడగరు. అందరూ అడిగేది పట్టికనే.

ఆ పాపం నాది. ఏడేళ్ళ కిందట రాజధాని నుంచి మూడు కట్టల కాగితాలు వచ్చాయి. ముందుముందు ఎండలు ఎలా ఉండొచ్చో మూడు ఊహలు, ఒక్కోదానికి గంటలవారీగా ఒక పట్టిక. లోకంలో పొగ బాగా తగ్గితే ఒక లెక్క, ఓ మాదిరిగా తగ్గితే ఒక లెక్క, అసలు తగ్గకపోతే ఒక లెక్క. జనానికి చదివి వినిపించమన్నారు. వినిపిస్తే పదమూడు మంది వచ్చారు, తొమ్మిది మంది నిద్రపోయారు. మరుసటేడు నాకు తెలివి పుట్టుకొచ్చింది. ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి పంచాక, పంచాంగ శ్రవణం ధోరణిలో వృత్తులవారీగా చదివాను. "తాపీపనివారికి చెమట పద్నాలుగు, విశ్రాంతి రెండు. ఇస్త్రీబళ్ళవారికి దాహం పదకొండు, నీడ అయిదు." జనం విరగబడ్డారు. పక్క లంకల నుంచి పడవలు కట్టించుకుని వచ్చారు. నాకు శాలువా కప్పారు, అదీ ఆ ఎండలో.

అప్పట్నుంచి మూడు ఊహలూ మూడు పక్షాలైపోయాయి. చల్లపక్షం, నడిమిపక్షం, మంటపక్షం. ఈ పుస్తకంలో పట్టిక అని నేను ఎక్కించేది నడిమిపక్షం అంకె. ఏ ఇంటి ఆనవాయితీ ఆ ఇంటిది. సంబంధం వస్తే ముందు గోత్రం అడుగుతారు, తర్వాత పక్షం అడుగుతారు. మంటపక్షంవాళ్ళు ఊళ్ళో రెండే కుటుంబాలు, ఎప్పుడూ అశుభం మాట్లాడతారని వాళ్ళకు పిల్లనెవరూ ఇవ్వరు. కాగితాల్లో "ఇలా అయితే" అని ఉన్న ప్రతిచోటా మావాళ్ళు "ఇలా అవుతుంది" అని చదువుకున్నారు. చదివించింది నేనే.

ఏప్రిల్ 16. తడిగుడ్డ 30.1. పట్టిక 27.6.

మంచినీళ్ళ మర బుల్లెమ్మగారు వచ్చారు. సముద్రపు నీటిని తాగేనీరు చేసే మర ఊరికంతటికీ ఆవిడదొక్కటే, కాబట్టి ఆవిడ వస్తే మా సూచికాధికారి పతంజలిగారు కుర్చీలోంచి లేస్తారు. ఆవిడ కూతురి పెళ్ళి. వీళ్ళది చల్లపక్షం, మగపెళ్ళివారిది నడిమిపక్షం.

"రెండు పట్టికలకీ శుభం అని ఉన్న గడియ కావాలమ్మాయ్. రేపు వాళ్ళు మాట అనకూడదు, మేం పడకూడదు," అన్నారు.

పొద్దుటి గంటలు చూశాను. నడిమిపక్షంలో పొద్దున్నే ఉక్క. సాయంత్రం చూశాను. చల్లపక్షం లెక్కలో సాయంత్రం గాలి పడిపోతుంది. చల్లపక్షంలో పన్నెండు దాటగానే సముద్రపు గాలి మొదలవుతుంది, నడిమిపక్షంలో ఆ వేళకే ఒక ముప్పావుగంట మబ్బు. మే నెల మొత్తానికి రెండూ కలిసేది ఒక్కచోటే. ఆ ముప్పావుగంటలోంచి ఆవిడ వెంట వచ్చిన పంతులుగారు లగ్నం ఏరారు. మే పద్నాలుగు, మధ్యాహ్నం పన్నెండూ నలభై ఏడు.

"గుడ్డ అంకె కూడా ఓసారి చూసుకుంటే మంచిదండి," అన్నాను.

"ఆ గుడ్డ సంగతి మనకెందుకమ్మా. సంతకం పెట్టు," అన్నారు బుల్లెమ్మగారు.

పెట్టాను. ముద్ర కూడా వేశాను. మేళం ఎవరిదని మాటవరసకు అడిగాను. ఇంకెవరిది, మీ ధర్మయ్య బాబాయిదేగా అన్నారు.

ఏప్రిల్ 28. తడిగుడ్డ 31.8. పట్టిక, మంటపక్షంతో సహా, ఎక్కడా 30.6 దాటలేదు.

ఎండ మూడు పట్టికల్నీ దాటి పోయింది. పుస్తకం పట్టుకుని పతంజలిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిదాన్ని చూడటం ఆయనకు చేతకాదు, అంతే.

"నాలుగో పట్టిక ఏమైనా వచ్చిందా?" అన్నారు.

"లేదండి."

"అయితే ఈ ఎండకు మనదగ్గర ఆధారం లేదు. గొట్టం మార్పించండి."

పోయిన వైశాఖంలో ఐసుబండి కోటయ్య పోయినప్పుడూ ఇదే తంతు. బండినిండా ఐసు పెట్టుకుని, ఆ బండి పక్కనే పడిపోయాడు. అతని భార్య సూరమ్మ మరణపత్రం కోసం మా కచేరీ చుట్టూ ఇరవైసార్లు తిరిగింది. వడదెబ్బ అని రాయడానికి వీల్లేదన్నారు, ఆ రోజు పట్టికలో వడ లేదు. చివరికి "స్వల్ప అజాగ్రత్త" అని రాసిచ్చారు. ఆ కాగితం ఆవిడ చేతికి ఇచ్చింది కూడా నేనే. ఆవిడ చదువుకుని, నా మొహం చూసి, కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

మే 6. తడిగుడ్డ 32.3. పట్టిక 28.1.

బాబాయి ఇంటికి వెళ్ళాను. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. అరవై మూడేళ్ళు. నిరుడు ఊరేగింపులో సన్నాయి వాయిస్తూ వాయిస్తూ కళ్ళు తిరిగి పడ్డాడు, లేచాక మిగతా పాట పూర్తిచేశాడు. అరుగు మీద కూర్చుని సన్నాయి తుడుచుకుంటున్నాడు. డోలు వాయించే చిట్టబ్బాయి పక్కనే తాళ్ళు బిగిస్తున్నాడు. పేరుకి చిట్టబ్బాయి గానీ ఆయనకీ అరవై నిండాయి.

"బాబాయ్, ఆ పెళ్ళికి వెళ్ళకు," అన్నాను.

ఆయన సన్నాయి కొసన పెట్టే రెల్లుముక్క తీసి నా చేతిలో పెట్టాడు. మెత్తగా, తడిగా ఉంది.

"పొద్దున తీసి పెట్టానమ్మా దీన్ని. ఇంకా ఆరలేదు చూడు. మామూలుగా అయితే పాటకీ పాటకీ మధ్యలో ఆరిపోద్ది, మళ్ళీ నోట్లో పెట్టుకుని తడుపుకోవాలి. రెల్లు ఆరని రోజున మా తాత సన్నాయి సంచీలో పెట్టేసి ఇంటికొచ్చేసేవోడు. ఎవడు పిలిచినా పలికేవోడు కాదు."

పదకొండేళ్ళుగా నేను గాజుగొట్టంలో చూస్తున్న అంకె ఈయన నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"మరి నువ్వూ సంచీలో పెట్టెయ్," అన్నాను.

"అప్పుడు పట్టికల్లేవు కదమ్మా. ఇప్పుడు నేను మానేస్తే ఏమవుద్ది? ముహూర్తం తప్పంటారు. ముహూర్తం ఎవరెట్టారు అంటారు. కింద నీ సంతకం ఉంది."

చిట్టబ్బాయి డోలు మీద ఒక దెబ్బ వేసి, "ఆయ్, మనమ్మాయి సంతకం అబద్ధమని మనం డోలేసి చెప్తామేంటి," అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చిన నీళ్ళు కూడా చెంప మీద ఆరలేదు.

మే 11. తడిగుడ్డ 33.0. పట్టిక 28.2.

సంతకం వెనక్కి తీసుకుంటానని అర్జీ పెట్టాను. సంతకం పెట్టడానికి గడి ఉంది గానీ తీసుకోవడానికి లేదని పతంజలిగారు చూపించారు. పోనీ పెళ్ళినాడు చల్లగది తెరిపించండి అన్నాను. ప్రతి పేటకీ ఒక చల్లగది ఉంది, అయిదు వందల మంది పడతారు. పట్టికలో ప్రమాదం అని ఉంటేనే తలుపు తీయాలి. ఏడేళ్ళలో ఒక్కసారి తెరిచారు, రాజధాని నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు భోంచేయడానికి.

"పద్నాలుగున శుభం అని ఉంది కదమ్మా. మీరే రాశారు," అన్నారు ఆయన.

నిజమే, అక్షరాలు కూడా గుండ్రంగా రాశాను.

మే 14. పొద్దున ఆరింటికి 31.0. పదకొండింటికి 33.4. పట్టిక: శుభం.

గూటిలోంచి గాజుగొట్టం ఊడదీసి, నీళ్ళసీసా పట్టుకుని పెళ్ళికి వెళ్ళాను. కచేరీ ఆస్తిని గూడు దాటించడం తప్పు. ఇక్కడ రాశాను కాబట్టి దాచినట్టు కాదు.

తాటాకు పందిరి కింద నాలుగు వందల మంది ఉన్నారు. పట్టికలో చల్లగాలి ఉంది గనక చల్లపక్షం ఆడవాళ్ళు భుజాల నిండా పట్టుశాలువాలు కప్పుకున్నారు. మబ్బు ఉంది గనక నడిమిపక్షంవాళ్ళు గొడుగులు తేలేదు. ముందు వరసలో పతంజలిగారు పట్టుపంచెలో కూర్చుని, శుభలేఖతో విసురుకుంటూ, "గాలి మొదలైనట్టే ఉంది," అంటున్నారు. ఆ గాలి ఆయన చేతిలోని శుభలేఖది.

పన్నెండుంబావుకి గుడ్డ తడిపి చూశాను. 34.1. బుల్లెమ్మగారికి చూపించాను.

"శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ గుడ్డ పట్టుకు తిరుగుతావేంటమ్మా. ఎవరైనా చూత్తే ఏమనుకుంటారు," అని పక్కకు జరిపారు.

మేళం దగ్గరికి వెళ్ళాను. బాబాయి మొహం కందగడ్డలా ఉంది, వాయిస్తున్నాడు. చిట్టబ్బాయిని చూసి నాకు భయమేసింది. అంతసేపూ ధారగా కారుతున్న చెమట ఆగిపోయింది. చర్మం పొడిగా, ఎర్రగా ఉంది. డోలు దెబ్బ ఒకటి విడిచి ఒకటి తప్పుతోంది, కళ్ళు ఎటో చూస్తున్నాయి.

బాబాయి చెవి దగ్గర వంగి, "నా సంతకం అబద్ధం బాబాయ్. అబద్ధమే. ఆపెయ్," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. చిట్టబ్బాయిని చూశాడు. సన్నాయి నోట్లోంచి తీశాడు. అప్పటికి పన్నెండూ ముప్పై ఒకటి.

"రెల్లు పలకట్లేదండి," అన్నాడు గట్టిగా.

పందిరంతా ఒక్కసారి ఇటు తిరిగింది. గుడ్డ అంకె చెప్తే తలతిప్పని నాలుగు వందల మంది రెల్లు పలకట్లేదంటే తిరిగారు.

"ఇంకోటి పెట్టు," అన్నారు బుల్లెమ్మగారు.

సన్నాయికి దారంతో కట్టి అయిదు రెల్లుముక్కలు వేలాడుతుంటాయి. బాబాయి ఒక్కొక్కటే పెట్టి ఊదాడు. ఒకటి బాతులా అరిచింది, ఒకటి గురక పెట్టింది, మిగతావి ఆ మాత్రం కూడా అనలేదు. మగపెళ్ళివారిలో ఎవరో ఫోన్లో గట్టిమేళం పెడదామన్నారు. ఫోను మేళానికి తాళి కడితే మా వంశంలో ఉన్నామా అని పెళ్ళికొడుకు నాయనమ్మ లేచింది. పంతులుగారు సన్నాయి లేనిదే మాంగల్యధారణ లేదన్నారు.

"ఏం చేస్తే పలుకుద్దయ్యా అది?" అన్నారు బుల్లెమ్మగారు.

"ఆరాలండి అమ్మగారూ. తేమ లేని చోట పెడితే ఆరుద్ది. చల్లగదిలో పెడితే ఆరుద్ది," అన్నాడు బాబాయి.

బుల్లెమ్మగారు పతంజలిగారి వైపు చూశారు. ఆ చూపులో ఊరి మంచినీళ్ళన్నీ ఉన్నాయి. పతంజలిగారు లేచి, కండువాతో మొహం తుడుచుకుని, మనుషులకోసం తెరవడానికి పట్టిక ఒప్పుకోదు గానీ వస్తువులు భద్రపరచడానికి అభ్యంతరం లేదన్నారు. తాళంచెవి మొలలోనే ఉంది.

రెల్లుముక్కని ఒక వెండిపళ్ళెంలో పెట్టారు. దాని వెనక బాబాయి, రెల్లు ఆరిందో లేదో చెప్పాల్సింది ఆయనే గనక. ఆయన వెనక, అప్పటికే డోలు మీదికి ఒరిగిపోతే నలుగురు మోస్తున్న చిట్టబ్బాయి, మేళంలో మనిషి గనక. ఆ వెనక పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, గుమ్మం దాకా అని బయల్దేరిన నాలుగు వందల మంది. గుమ్మం దగ్గర చల్లగాలి మొహానికి తగిలింది. ఆ తర్వాత ఎవరూ గుమ్మం దగ్గర ఆగలేదు. శాలువాలు అక్కడ నిజంగానే పనికొచ్చాయి.

చల్లగది పుస్తకంలో పతంజలిగారు స్వయంగా రాశారు. "లబ్ధిదారు: సన్నాయి రెల్లుముక్క. సంఖ్య: ఒకటి."

సాయంత్రం ఆరుంబావుకి సముద్రపు గాలి వచ్చింది, నిజంది. రెల్లు ఆరిన వేళే లగ్నమని పంతులుగారు రెండు నిమిషాల్లో శాస్త్రం చెప్పారు. రెండు పట్టికల్లోనూ ఆ వేళకి అశుభమని ఉంది. ఎవరూ తీసి చూడలేదు. బాబాయి గట్టిమేళం వాయించాడు. నేను పక్కనే నిలబడి గుడ్డ తడుపుతూ ఉన్నాను.

మే 15. తడిగుడ్డ 32.6. పట్టిక 28.2.

చిట్టబ్బాయికి రెండు సెలైన్లు పెట్టారు. పొద్దున కళ్ళు తెరిచి డోలు ఎక్కడని అడిగాడు.

నిన్న మధ్యాహ్నం పన్నెండింటికీ మూడింటికీ మధ్య ఊళ్ళో ముగ్గురు పోయారు. వలలు బాగుచేసే ఒకాయన, ఇడ్లీబండి ఆవిడ, రేవులో మూటలు దించే ఒకతను. ముగ్గురి పట్టికలోనూ శుభం. వాళ్ళ దగ్గర రెల్లుముక్క లేదు.

జూన్ 2. తడిగుడ్డ 31.1. పట్టిక 28.0.

బాబాయిని అడిగాను, ఆ రోజు రెల్లు నిజంగానే పలకలేదా అని.

"మొదటిది బానే పలికేదమ్మా," అని సన్నాయి సంచీలో పెట్టాడు. "యాభై ఏళ్ళలో సన్నాయి మీద అబద్ధమాడింది అదొక్కసారే. ఇద్దరం చెరో అబద్ధం ఒప్పుకున్నాం, సరిపోయింది," అన్నాడు.

ఫిబ్రవరి 20. తడిగుడ్డ 25.9. పట్టిక 24.4.

రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. పైలంక పెళ్ళి సంగతి అక్కడిదాకా పోయింది. దాన్ని "స్థానిక జ్ఞానం" అన్నారు. నాలుగో పట్టిక మంజూరు చేశారు, పేరు రెల్లుపక్షం. రాబోయే ఏడాదిలో ఏ రోజు రెల్లు ఆరుతుందో, ఏ రోజు ఆరదో వృత్తులవారీగా ఉగాదిలోగా తయారుచేయాలి. బాబాయి సలహాదారు. ఇప్పటికే పదిహేడు కుటుంబాలు రెల్లుపక్షంలోకి మారాయి, గుమ్మాలకు రెల్లుదుబ్బులు కట్టుకున్నాయి.

బాబాయి కచేరీకి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రెల్లు ఆ పూట సంగతి చెప్పుద్ది గానండి, ఏడాది సంగతి దానికేం తెలుసండి?" అన్నాడు.

"సగటున చెప్పమనండి," అన్నారు పతంజలిగారు.

పట్టిక నేను రాస్తానన్నాను. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆయన సంతోషించారు.

ఉగాది.

పొద్దున్నించీ పచ్చడి పంపకం, జనం, కుర్చీలు. గూటి దగ్గరికి వెళ్ళడం కుదరలేదు. అంకె ఉండాల్సిన చోటు పైన ఖాళీగా వదిలేశాను.

వెయ్యి మంది దాకా వచ్చారు. పతంజలిగారు రెల్లుపక్షానికి పసుపు కుంకుమ పెట్టి నా చేతికిచ్చారు. తెరిచి, ఎప్పటి రాగంలోనే చదివాను.

"చైత్ర శుద్ధ పాడ్యమి. తాపీపనివారికి, చూడాలి. ఇస్త్రీబళ్ళవారికి, చూడాలి. విదియ. తాపీపనివారికి, చూడాలి. ఇస్త్రీబళ్ళవారికి, చూడాలి."

మొదట తలలూపారు. తదియ దగ్గర నవ్వారు. పంచమి దగ్గర గొణుగుడు మొదలైంది. ఏడాది పొడవునా అంతే రాశాను, ఒక్క గడి కూడా ఖాళీ ఉంచలేదు. పతంజలిగారు పక్కనుంచి, "ముందుకు తిప్పండి, ముందుకు తిప్పండి," అంటున్నారు. వైశాఖానికి తిప్పాను. చూడాలి, చూడాలి, చూడాలి. కింద సంతకం నాదే, ఈసారి అది నిజం.

జ్యేష్ఠంలో ఉండగా వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. సూరమ్మ, ఐసుబండి కోటయ్య భార్య.

"మధ్యలో ఎక్కడికమ్మా?" అన్నారు పతంజలిగారు.

"చూడాలంటన్నారు కదండీ," అంది. "చూడ్డానికి."

పెరట్లోకి నడిచింది. నేను పుస్తకం మూసి ఆవిడ వెనకే వెళ్ళాను. గూడు తలుపు తీసింది. గుడ్డ ఎండి అట్టకట్టి ఉంది. ఎలా అని నన్నడిగింది. తడపాలి, ఆగాలి, చూడాలి అని చెప్పాను. తన సీసాలోని తాగేనీళ్ళు గుడ్డ మీద పోసింది. ఇద్దరం నిలబడ్డాం. అంకె దిగుతూ దిగుతూ ఒకచోట ఆగింది. నేను చదవలేదు. ఆవిడ వంగి, గీతల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుని, తనే చదివింది.

తడిగుడ్డ 28.6. చూసినది: సూరమ్మ.